ఈసక్కి పాడిన ప్రశ్నోత్తరి

లెహ్తోనియెమి, పాస్టరుగారి పాడిశాల
1874 జూన్ 14

అన్నయ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. పదకొండు ఆవులు పాలిస్తున్నాయి. మచ్చల ఆవు నన్ను తప్ప ఎవరినీ దగ్గరకు రానివ్వదు. ఇవన్నీ ముందే రాసేశాను, ఎందుకంటే అసలు సంగతి మొదలుపెడితే ఇక ఆవులు గుర్తురావు.

వసంతంలో దక్షిణం నుంచి కొత్త పాస్టరుగారు వచ్చారని రాశాను కదా, గ్రాన్‌బెర్గ్ గారు. మనిషి మంచివారే. నేను తోడుపెట్టిన పెరుగు రోజూ రెండు గిన్నెలు తింటారు. కానీ వచ్చిన దగ్గర్నుంచి సంఘపు పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరూ చదువుతున్నారు. ఎవరికి చదువు వచ్చు, ఎవరికి మతపాఠాల ప్రశ్నోత్తరి వచ్చు, గుడిలో రొట్టె, ద్రాక్షారసం అందుకునే ప్రభు భోజనానికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు, అన్నీ చూస్తున్నారు. ఆ పుస్తకంలో ఈసక్కి పేరుకు ఎదురుగా "రాదు" అని ఉంది. కోర్పెలా అడవిలో మొద్దులు కాల్చి తారు తీసే బట్టీ నడిపే ఈసక్కి. నత్తి ఈసక్కి అంటే నీకు గుర్తొస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళొచ్చాయి, ఇంతవరకూ భోజనపు బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ప్రశ్నోత్తరి పరీక్ష దాటనివాడి పెళ్ళి ప్రకటన గుడిలో చదవరని నీకు తెలుసు. శరత్కాలంలో వచ్చే మికాయేలు పండుగకు ముందు శనివారం అతన్ని ఆఖరిసారి అడుగుతారట. ఆ రోజు కూడా చెప్పలేకపోతే "నేర్పడానికి వీలుకాని వాడు" అని రాసేస్తారట. ఆ తర్వాత ఇక ఎవరూ అడగరు.

పోయిన బుధవారం పొద్దున బట్టీ దగ్గరికి రై ధాన్యపు రొట్టె పట్టుకెళ్ళాను. పాస్టరుగారింటికి తారు కావలసి వచ్చింది, అందుకని. బట్టీ వారం రోజులు కాలుతుంది, పక్కనే ఉండి కాయాలి. ఇంకా దూరంలో ఉండగానే గొంతు వినపడింది. ఆ అడవిలో ఎవరో పాస్టరు ఆరాధన జరుపుతున్నాడేమో అనుకున్నాను. అక్కడే ఆగిపోయాను. పాపాల ఒప్పుకోలు, "ప్రభువా, కరుణించుము", మహిమ గీతం, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, చివరి దీవెన దాకా అంతా ఈసక్కే! చదివే మాటలకు కూడా తనే రాగం కట్టుకున్నాడు. పాస్టరు భాగం పాస్టరులా పాడాడు, జనం భాగం జనంలా పాడాడు. ఒక్క అక్షరం తడబడలేదు అన్నయ్యా, ఒక్కటి! పాట అయ్యాక "ఈసక్కీ" అని పిలిచాను. "వా... వా... వా..." అన్నాడు. నా పేరు పూర్తయ్యేసరికి వేడి రొట్టె చల్లారింది.

ఎందుకు పాడుతున్నావని అడిగాను. అతని దగ్గర గడియారం లేదట. మొదటి నుంచి దీవెన దాకా ఒకసారి పాడితే కింద తొట్టి నిండుతుందట. అలా కొలుచుకుంటాడు.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. అంతా నోటికి వచ్చినవాడికి ప్రశ్నోత్తరి రాదని ఎలా అంటారు? గుడిలో పాటలు ఎత్తేవాడివీ నువ్వే, పిల్లలకు ప్రశ్నోత్తరి నేర్పేవాడివీ నువ్వే. జవాబు త్వరగా రాయి. తపాలా పడవ శుక్రవారం.

నీ చెల్లెలు
వాల్పురి


హాపసారి
జూన్ 27

చెల్లీ,

నీ ఉత్తరంలో ఆవుల గురించి రెండు మాటలు, ఈసక్కి గురించి రెండు పేజీలు. పడవలకు పూసే తారు పాస్టరుగారింటికి దేనికమ్మా? ఆయనకు పడవ లేదని, నీళ్ళంటే భయమని అంతకుముందు ఉత్తరంలో నువ్వే రాశావు.

ఆ మనిషి నాకు సరిగా గుర్తులేడు. నేను అక్కడి గుడిలో పాటల పెద్దకు సహాయకుడిగా ఉన్న రోజుల్లో ఎంతోమంది పరీక్షకు వచ్చేవారు.

ఆశ పెట్టుకోవద్దని చెప్పడమే మంచిది. ఆరాధన వేరు, ప్రశ్నోత్తరి వేరు. ప్రశ్నోత్తరి బల్ల ముందు కూర్చుని నేర్చుకునేది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, ఒప్పుకోలు, ప్రభు భోజనం అని ఆరు భాగాలు. ఒక్కొక్క మాటకూ అర్థం అడుగుతారు, చెప్పాలి. ఆరాధన గుడిలో నిలబడి పాడేది. నేను పదిహేనేళ్ళుగా ఒకటి పాడుతున్నాను, ఇంకొకటి నేర్పుతున్నాను. రెండూ ఒకటని నాకెప్పుడూ అనిపించలేదు. పాట రావడం గొంతు గొప్పతనం, అంతే.

ఇంకేదైనా రాయి. ఈ ఏడు చేపలు ఎలా పడుతున్నాయి?

తావెత్తి


లెహ్తోనియెమి
జూలై 9

అన్నయ్యా,

చేపల సంగతి చేపల్ని అడుగు.

సరే, దాచి లాభం లేదు. నేను ఈసక్కిని చేసుకుంటాను. క్రిస్మస్ మర్నాడే మాట అయిపోయింది. గుడి నుంచి మంచుబండిలో వస్తుంటే మధ్యలో గుర్రాన్ని ఆపాడు. ఏదో చెప్పాలని చూశాడు. ముఖం ఎర్రబడింది, నోరు తెరుచుకుంది, మాట రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని, పాస్టరుగారు "మీ హృదయములను పైకెత్తుడి" అని పాడతారు చూడు, ఆ రాగంలో "వాల్పురీ, నన్ను చేసుకుంటావా" అని పాడాడు! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. జనం జవాబు పాడే రాగంలోనే నేనూ "చేసుకుంటాను" అని పాడాను. వెనక బండిలో వస్తున్నవాళ్ళు మా ఇద్దరికీ జ్వరం తగిలిందనుకున్నారు.

నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఇంతకాలం ఎవరు అడిగినా వద్దన్నదాన్ని. ఇప్పుడు కావాలంటే పుస్తకంలో ఒక మాట అడ్డం వచ్చింది.

నిన్న పాస్టరుగారి ముందు పెరుగు గిన్నె పెట్టి అడిగేశాను.

"అయ్యగారూ, నోరు తిరగనివాడు జవాబులు పాడి చెబితే ఒప్పుకుంటారా?"

"చిలక కూడా పాడుతుంది వాల్పురీ."

"చిలకని మీరెక్కడ చూశారండీ? మన అడవుల్లో లేదే!"

ఆయన చెంచా కింద పెట్టి నవ్వారు. "రేవులో ఒక నావికుడి భుజం మీద చూశాను. అన్నీ బూతులే పాడింది." తర్వాత నవ్వు ఆపి అన్నారు, "చూడమ్మా, నాకేం పంతం లేదు. బల్ల దగ్గరికి వచ్చేవాడికి తనేం అందుకుంటున్నాడో తెలియాలి. అది చూడ్డమే నా పని. ఆరాధన వచ్చినవాడికి ప్రశ్నోత్తరి వచ్చినట్టేనని నాకు ఎవరైనా చూపించనీ, పాడనిస్తాను. ఎవరు చూపిస్తారు?"

"మా అన్నయ్య" అన్నాను.

నోరు జారి అనలేదు. ఆలోచించే అన్నాను. ఇక నీ ఇష్టం.

వాల్పురి


హాపసారి
జూలై 27

చెల్లీ, చెల్లీ!

సిరా మరకలు పడితే ఏమనుకోకు, చెయ్యి ఆగడం లేదు. నీకు కోపంగా ఒక ఉత్తరం రాద్దామని మొదలుపెట్టాను. రెండూ ఎలా వేర్వేరో వరసగా రాసి నీ నోరు మూయించాలనుకున్నాను. ఆ ఆలోచనతోనే ఆదివారం గుడికి వెళ్ళాను. విశ్వాస ప్రమాణం మధ్యలో పాట ఆగిపోయింది. జనం పాట కాదు, నాది! పదిహేనేళ్ళలో మొదటిసారి. మా పాస్టరుగారు మెడ తిప్పి నావైపు చూశారు. జనం నన్ను అక్కడే వదిలేసి తమ దారిన పాడుకుపోయారు.

ఇంటికి వచ్చి ఎడమచేతి కింద ప్రశ్నోత్తరి, కుడిచేతి కింద ఆరాధన క్రమం పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యి మీద బార్లీ జావ మాడిపోయింది. పక్కింటావిడ పొగ చూసి నీళ్ళు పట్టుకొచ్చింది. "ఏం తగలబడుతోందండీ?" అంటే "ఏమీ లేదమ్మా, పాడుతున్నాను" అన్నాను. ఆవిడ మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.

విను. నన్ను సృష్టించినవాడు నాకు కళ్ళిచ్చాడు, చెవులిచ్చాడు, రొట్టె, బట్ట, ఇల్లు ఇచ్చాడు, ఇందుకు నేను ఆయన్ని స్తుతించాలి అని పిల్లల చేత చెప్పిస్తాం కదా. స్తుతించేది ఎప్పుడు? బల్ల ముందు కాదు. గుడిలో, మహిమ గీతంలో! ఒక పుస్తకం "చెయ్యాలి" అంటుంది. రెండోది లేచి నిలబడి చేసేస్తుంది. "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అంటే ఏమిటని శనివారం నేను పిల్లల్ని అడుగుతాను. వాళ్ళు బిక్కమొహం వేస్తారు. మర్నాడు అదే పిల్లలు "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అని కప్పు ఎగిరిపోయేలా పాడతారు. నా ప్రశ్నకు జవాబు అదే చెల్లీ! ప్రతివారం నా ముఖం మీదే చెబుతున్నారు, నేనే వినలేదు.

పాస్టరు నోట వచ్చే పాపక్షమాపణ దేవుడి నోట వచ్చినట్టే నమ్మాలని ప్రశ్నోత్తరి చెబుతుంది. గుడిలో ఒప్పుకోలు అయ్యాక ఆ మాట వినగానే అందరం ఏమంటాం? ఆమేన్ అంటాం. నమ్మకాన్ని ఇంకా ఎంత పొడుగ్గా చెప్పాలి? ఇక ప్రభు భోజనం. ప్రశ్నోత్తరిలో ఉన్న ప్రభువు మాటలే అక్షరం మారకుండా బల్ల దగ్గర పాస్టరు పాడతాడు. బడిలో నేర్పేదీ, గుడిలో పెట్టేదీ ఒకే రొట్టె. ఒకచోట దాని పేరు చెబుతారు, ఇంకొకచోట నోట్లో పెడతారు.

ఇదంతా మీ పాస్టరుగారికి పద్ధతిగా రాస్తాను. కానీ రెండుచోట్ల దారి దొరకలేదు. పది ఆజ్ఞలు ఆరాధనలో ఎక్కడున్నాయి? ఎవరూ పాడరు, చదవరు. బాప్తిస్మం ఎక్కడుంది? బిడ్డను తెచ్చిన రోజు తప్ప ఆ మాటే రాదు. ఆరింటిలో రెండు లేకపోతే గ్రాన్‌బెర్గ్ గారు నా ఉత్తరాన్ని పెరుగు గిన్నె మీద మూత పెట్టుకుంటారు.

ఇక ఇంకొక మాట. ఇది రాయకుండా ఈ ఉత్తరం ముగించాలని మూడుసార్లు చూశాను, చేతకాలేదు.

అతను నాకు సరిగా గుర్తులేడని రాశాను. అబద్ధం. బాగా గుర్తున్నాడు. పన్నెండేళ్ళ కిందట ప్రశ్నోత్తరి తరగతిలో మొదటి ఆజ్ఞ చెప్పమని లేపింది నేనే. "నే... నే... నేను" అని మొదలుపెట్టాడు. నేను బెత్తంతో బల్ల మీద దరువు వేశాను, ఒక్కొక్క "నే"కూ ఒక్కొక్క దెబ్బ. తరగతి మొత్తం పడీపడీ నవ్వింది. అతను టోపీ తీసుకుని బయటికి నడిచాడు. మళ్ళీ రాలేదు. పుస్తకంలో "రాదు" అన్న మాట పాటల పెద్ద చెబితే రాసింది కూడా నేనే. అది నా చేతిరాతే, వెళ్ళి చూడు.

తావెత్తి


లెహ్తోనియెమి
ఆగస్టు 8

చూశాను. నీ చేతిరాతే. "ర"కు నువ్వు పెట్టే ఆ వంపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఇవాళ నీకు ఇంతకంటే రాయలేను.

ఆగస్టు 11

ఇదే కాగితం మీద మళ్ళీ రాస్తున్నాను. మూడు రోజులు పెట్టెలో పెట్టి ఉంచాను. ఆదివారం కాకపోయినా నిన్న బట్టీ దగ్గరికి వెళ్ళి నీ ఉత్తరం ఈసక్కికి చదివి వినిపించాను, అంతా, చివరిదాకా. నీ మీద నాకంటే అతనికి ఎక్కువ కోపం వస్తుందని, అప్పుడు ఇద్దరం కలిసి నిన్ను తిట్టుకోవచ్చని అనుకున్నాను.

అతను కర్రతో నేల మీద గీస్తూ విన్నాడు. తర్వాత చెప్పాడు. అతను ఎంతసేపట్లో చెప్పాడో అలాగే రాస్తే కాగితం చాలదు, అందుకని మామూలుగా రాస్తున్నాను.

"ఆ నవ్వు గుర్తుంది. కానీ మీ అన్న గొంతు కూడా గుర్తుంది. ఆదివారం పైన నిలబడి పాట ఎత్తేవాడు. నేను వెనక తలుపు దగ్గర నిలబడి పట్టుకునేవాణ్ణి. అడవిలో నేను పాడేదంతా అలా నేర్చుకున్నదే. బెత్తమూ ఆయనదే, పాటా ఆయనదే. నేను పాట ఉంచుకున్నాను."

నేను అక్కడే తొట్టి పక్కన కూర్చుని ఏడ్చాను. లేచేసరికి లంగాకు తారు అంటుకుంది. వెన్న రాసి రుద్దినా పోలేదు. అది నీ వల్లే, గుర్తుపెట్టుకో.

ఇక విను, విను, ఇది వింటే గంతులేస్తావు! నీకు దొరకని రెండింటి గురించీ అతన్ని అడిగాను. "పది ఆజ్ఞలు ఆరాధనలో ఎక్కడున్నాయి ఈసక్కీ?" అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత లేచి, తారు నేల మీదే మోకరించాడు.

"ఇక్కడ" అన్నాడు. ఆ ఒక్క మాట తడబడకుండా వచ్చింది.

"ఇక్కడంటే?"

"ఒప్పుకోలు చెప్పేటప్పుడు ఊరంతా మోకాళ్ళ మీద ఉంటుంది. ఎవరో ఏదో చెయ్యమంటే చెయ్యకపోబట్టేగా మోకరించేది? ఆజ్ఞలు విననివాడు ఎందుకు వంగుతాడు?"

చూశావా! గొంతు గొప్పతనం అన్నావు. ఇది గొంతు కాదు అన్నయ్యా.

బాప్తిస్మం మాత్రం అతనికీ తెలియలేదు. ఆలోచిస్తానన్నాడు.

నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. దాన్ని ఇక్కడే ఉంచుకుని పని చూద్దాం.

వాల్పురి


హాపసారి
సెప్టెంబరు 6

చెల్లీ,

ఈసక్కి అన్న మాట చాలాసార్లు చదువుకున్నాను. అతని పేరునే వేరే ఉత్తరం రాశాను, ఇందులోనే పెడుతున్నాను. చదివి వినిపించు. నువ్వు ముందుగా చదవకు. చదువుతావని తెలుసు.

మోకాళ్ళ సంగతి గ్రాన్‌బెర్గ్ గారికి ఈసక్కి పేరుతోనే రాశాను. మొత్తం పదిహేను పేజీలు అయింది. ప్రశ్నోత్తరి ఒకవైపు, ఆరాధన ఒకవైపు, మధ్యలో గీతలు. మా పిల్లలకు కూడా చూపించాను. ఒక అమ్మాయి "అయితే మాకు ఇదంతా ముందే వచ్చా?" అని అడిగింది. వచ్చన్నాను. తరగతి తరగతంతా కేక పెట్టింది. ఇప్పుడు శనివారం పాఠాలు పాటతో మొదలుపెడుతున్నాను. బెత్తం పొయ్యిలో పెట్టేశాను. సన్నగా ఉంది, వెంటనే కాలిపోయింది.

మీ పాస్టరుగారి జవాబు నిన్న వచ్చింది. నాలుగే వాక్యాలు. "మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అతను పాడవచ్చు. కానీ వరసలో అడగను. పాటలో లేని ప్రశ్న ఒక్కటైనా అడుగుతాను."

ఆ చివరి వాక్యం చదివి నాకు చెమట పట్టింది. పైగా బాప్తిస్మం ఇంకా దొరకలేదు. అతన్ని వరస తప్పించి అడుగుతూ ఉండు. పాలు పితుకుతూ అడుగు, బండి తోలుతూ అడుగు. నేను రావాలనే ఉంది కానీ పండుగ వారం ఇక్కడ పాట ఎత్తడానికి వేరే మనిషి లేడు. ఆ శనివారం నువ్వు చూసిందంతా రాయి. ఒక్క దగ్గు కూడా వదలకు.

తావెత్తి


లెహ్తోనియెమి
అక్టోబరు 5

అన్నయ్యా!

దగ్గులు కూడా రాస్తాను. కాచుకో.

శనివారం పొద్దున గుడి నిండిపోయింది. పరీక్షకు ఎప్పుడూ తల్లిదండ్రులే వస్తారు. ఈసారి చెరువు అవతలి పల్లెల నుంచి కూడా పడవలు కట్టుకుని వచ్చారు. తారు ఈసక్కి పాస్టరుగారి ముందు పాడతాడట అని ఊరంతా పాకిపోయింది. కొందరు నవ్వడానికే వచ్చారు. నీ తరగతిలో ఆ రోజు నవ్వినవాళ్ళు కూడా ఇప్పుడు గడ్డాలు పెంచుకుని ముందు బల్లల మీదే కూర్చున్నారు.

ఈసక్కి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎంత తోమినా వేళ్ళ సందుల్లో నలుపు పోలేదు. పాస్టరుగారు బల్ల మీద సంఘపు పుస్తకం, నీ పదిహేను పేజీలు పక్కపక్కన పెట్టుకున్నారు.

"పరలోక ప్రార్థనలో మొదటి మనవికి అర్థం" అని అడిగారు. ఈసక్కి కళ్ళు మూసుకుని "పరిశుద్ధుడు" ఎత్తుకున్నాడు. ఆ గొంతు అడవిలో విన్నదాన్ని నేనే, అయినా బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. ముందు బల్లల మీద ఒకడు నవ్వబోయి, నవ్వు దగ్గుగా మార్చుకున్నాడు. (ఇదిగో, దగ్గు.)

"ఆజ్ఞలు" అన్నారు. ఈసక్కి మోకరించి ఒప్పుకోలు పాడాడు. అతను పాడుతుంటే వెనక ముసలివాళ్ళు కొందరు అలవాటు కొద్దీ మోకరించేశారు. పరీక్ష అని మర్చిపోయారు!

విశ్వాస ప్రమాణం అయింది. క్షమాపణ అయింది. నేను వేళ్ళు మడుస్తున్నాను. అప్పుడు పాస్టరుగారు నీ పేజీలు తిరగేసి, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టారు.

"బాప్తిస్మం."

ఈసక్కి నావైపు చూశాడు. నేనేం చెప్పను? కింద చేతులు పిసుక్కుంటున్నాను. అతను కిటికీ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. అయిపోయింది అనుకున్నాను. ఉన్నట్టుండి అతని భుజాలు నిటారుగా అయ్యాయి. దీవెన ఎత్తుకున్నాడు. "ప్రభువు నిన్ను ఆశీర్వదించి కాపాడును గాక" నుంచి మొత్తం పాడి, చివర పాస్టరు చెప్పే "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున" దగ్గర ఆగాడు.

"అది దీవెన" అన్నారు పాస్టరుగారు. "ఇంటికి పంపేటప్పుడు చెప్పేది. నేను అడిగింది బాప్తిస్మం."

ఈసక్కి ఈసారి పాడలేదు. మాట్లాడాడు. "ఆ పే... పే... పేరే..." ఆగాడు. గాలి పీల్చుకున్నాడు. "ఆ పేరే నీ... నీళ్ళతో నాకు పె... పెట్టారు. ప్రతి ఆ... ఆదివారం మళ్ళీ పెట్టి ఇం... ఇంటికి పంపుతారు."

పాస్టరుగారు కలం తీసుకుని నీ కాగితం మీద, ఆ ఖాళీలో, ఏదో రాసుకున్నారు. అన్నయ్యా, మన ఇద్దరికీ రెండు నెలలుగా దొరకనిది అక్కడే ఉంది, అన్నిటికంటే చివర, మనం టోపీలు వెతుక్కునే చోట!

ఇక మిగిలింది ప్రభు భోజనం. ఈసక్కి ప్రభువు మాటలు పాడాడు, "మీ కొరకు ఇవ్వబడుచున్న" అన్నదాకా. అది పాస్టరు తప్ప ఎవరూ పాడనిది. గుడిలో గుసగుసలు లేచాయి. పాస్టరుగారు చెయ్యెత్తారు. గుసగుసలు ఆగాయి, పాట కూడా ఆగింది.

"ఇప్పుడు పాటలో లేనిది అడుగుతాను" అన్నారు. "'మీ కొరకు' అన్నావు. ఎవరి కొరకు?"

అతను ఇరవై ఏళ్ళుగా ఆ మాట తలుపు దగ్గర నిలబడి వింటున్నవాడు. అందరూ ముందుకు వెళ్ళి అందుకుని వస్తుంటే, గోడకు ఆనుకుని చూస్తున్నవాడు. రాగం కట్టి పాడొచ్చు. అందరం పాడతాడనే అనుకున్నాం. పాడలేదు.

"నా" అన్నాడు.

ఆగిపోయింది. మెడ నరాలు తేలాయి. "నా... నా..." ఎవరో తన చేతిలో టోపీ నలుపుతున్న చప్పుడు నాకు వినపడింది. "నా... నా..." ముందు బల్ల మీద గడ్డం మనిషి ఒకడు తల వంచుకున్నాడు. పాస్టరుగారు ముందుకు వంగి, సాయం చెయ్యకుండా, తొందరపెట్టకుండా, అలాగే చూస్తున్నారు.

"నా కో... నా కోసం."

పాస్టరుగారు పుస్తకం తెరిచి నీ "రాదు" మీద ఒక గీత కొట్టారు. కలం కింద పెట్టి, మా అందరి వైపు తిరిగి అన్నారు:

"ముప్పై ఏళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతున్నాను. అందరూ గబగబా చెప్పేసేవారు."

ముక్కు చీదుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

నిన్న ఆదివారం ఈసక్కి బల్ల దగ్గర మోకరించాడు. నేను అతని పక్కనే ఉన్నాను. ఆ తర్వాత మా పెళ్ళి మొదటి ప్రకటన చదివారు. పాస్టరుగారు మా పేర్లు చదువుతుంటే జనం వెనక్కి తిరిగి తలుపు దగ్గర ఈసక్కి కోసం చూశారు. అతను అక్కడ లేడు. మధ్యలో, అందరితో కూర్చుని ఉన్నాడు.

పెళ్ళి నవంబరు మొదటి ఆదివారం. పాట నువ్వే ఎత్తాలట. నీ ఉత్తరానికి జవాబుగా ఈసక్కి ఇదే అడగమన్నాడు. నేను కూడా అడుగుతున్నాను.

వాల్పురి


హాపసారి
అక్టోబరు 19

చెల్లీ, వస్తాను. వస్తున్నాను. పడవ దొరక్కపోతే నడిచి వస్తాను.

నీ ఉత్తరం మా పాస్టరుగారికి చదివి వినిపించాను. ఆయన లేచి సంఘపు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. అందులో ఏడు పేర్లకు ఎదురుగా "నేర్పడానికి వీలుకాని వాడు", "వీలుకానిది" అని ఉంది. వాటిలో రెండు నా చేతిరాతే. "వెళ్ళి కనుక్కోండి" అన్నారు.

మొదట రీక్కా ఇంటికి వచ్చాను. అరవై రెండేళ్ళావిడ, ఒంటరిగా ఉంటుంది. నలభై ఏళ్ళ కిందట పరీక్షలో భయపడి ఒక్క మాట కూడా చెప్పలేకపోయిందట. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నేను గుమ్మంలో నిలబడేసరికి గొర్రె ఉన్ని దువ్వుతోంది. నన్ను చూసి గోడ వైపు జరిగింది.

"పరీక్ష పెట్టడానికి రాలేదమ్మా" అన్నాను. "గుడిలో పాడేది మీకేమైనా గుర్తుందా, అని అడగడానికి వచ్చాను."

"నన్నా అడుగుతున్నారు?" అంది.

"మిమ్మల్నే."

ఉన్ని పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. ఇంకా ఆపలేదు చెల్లీ. కిటికీ దగ్గర ఆవిడ పిండి పిసికే బల్ల మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆవిడ "ప్రభువా, కరుణించుము" దాటింది, మహిమ గీతం దాటింది, నాకు రాని పాత రాగంలో విశ్వాస ప్రమాణం పాడుతోంది. కలం ఇక్కడ ఆపుతాను. జనం జవాబు చెప్పే చోటు వస్తోంది, ఇక్కడ జనమంటే నేనొక్కడినే.

తావెత్తి